హార్లన్ టీవీ ఎందుకు కట్టేశాడు?

టోర్డాల్ వాస్తవ్యుడు, మాజీ పాల లారీ డ్రైవరు హార్లన్ టోలెఫ్సన్ గారు గత గురువారం మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలకు తన ఇంట్లో, తన కుర్చీలో, ప్రశాంతంగా కన్నుమూశారని తెలియజేయడానికి చింతిస్తున్నాం. ఆయన వయసు డెబ్భై ఎనిమిది. ఇంతవరకూ ఊళ్ళో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా 'ప్రశాంతంగా' అన్న మాట దగ్గర మొదలైంది.

సరిగ్గా అదే సమయానికి రాజధానిలో అధ్యక్షులవారి అభిశంసన విచారణ ముగిసి, సెనేట్‌లో ఫలితం చదువుతున్నారు. సభ్యులు వందమంది. యాభై ఎనిమిది మంది ఆయన దోషి అన్నారు, నలభై రెండు మంది కాదన్నారు. మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి నలభై రెండు మంది నెగ్గారు. బడిలో లెక్కలు శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళకి ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ, రాజ్యాంగం తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. అధ్యక్షులవారు తన కుర్చీలో తాను కూర్చున్నారు. దేశం మాత్రం న్యాయం జరిగిందని సగం, జరగలేదని సగం చీలి, పనీపాటా మానుకుని దీని మీద పడింది.

టోర్డాల్ కూడా తన వంతు బాధ్యత నెరవేర్చింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మాది చిన్న ఊరే అయినా దేశభక్తిలో ఎవరికీ తీసిపోం. సాయంత్రానికల్లా 'జరిగింది' పక్షంలో మూడువందల అయిదుగురు, 'జరగలేదు' పక్షంలో మూడువందల అయిదుగురు తేలారు. పసిపిల్లల అభిప్రాయాలు తల్లిదండ్రులు ప్రకటించారు. మిగిలింది ఒక్క మనిషి, హార్లన్ భార్య ఆర్డిస్. ఆవిడ ఆ సమయంలో మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉండటం వల్ల దేశ సమస్యల మీద దృష్టి పెట్టలేకపోయింది. ఆ సంగతి ఊరు పెద్దమనసుతో క్షమించింది.

హార్లన్‌ని మాత్రం అలా వదిలేయడానికి వీల్లేకపోయింది. ఓటర్ల జాబితాలో ఆయన పేరు ఇంకా కొట్టెయ్యలేదు. అటూ ఇటూ సరిసమానంగా ఉన్నప్పుడు ఒక్క మనిషి ఎటుంటే అటు మొగ్గు. ఆ మనిషి బతికున్నాడా లేదా అన్నది సాంకేతిక విషయం.

ఈ గొడవకి దారి తీసిన పొరపాటు ఆర్డిస్‌దే అని ఒప్పుకోవాలి. ఆయన పోగానే ఆవిడ లవాన్ ఎక్‌డాల్‌కి ఫోన్ చేసింది. లవాన్, ఆర్డిస్ ముప్ఫై ఏళ్ళుగా చర్చి నేలమాళిగలోని వంటింట్లో కలిసి పనిచేస్తున్నారు. ఊళ్ళో ఎవరు పోయినా శవసంస్కారం తర్వాత అందరికీ భోజనం పెట్టే బాధ్యత వాళ్ళది.

"ఎలా జరిగిందే తల్లీ?" అంది లవాన్.

"టీవీలో ఆ ఫలితమేదో చదివారే. ఈయన రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాడు. తల వెనక్కి వాల్చాడు. అంతేనే, పోయాడు."

లవాన్ మంచి మనిషి. కళ్ళనిండా ఏడ్చింది. ఏడుస్తూనే ఇద్దరికి చెప్పింది. ఆ ఇద్దరూ కూడా మంచివాళ్ళే.

నిజానికి ఆ ఆఖరి నిమిషంలో జరిగింది ఇంకొంచెం ఉంది. మూడు రోజులుగా కురుస్తున్న మంచు అప్పుడే తెరిపి ఇచ్చింది. హార్లన్ పొద్దుటినుంచీ మగతలో ఉన్నాడు. ముందురోజు వాతావరణం కోసం పెట్టిన టీవీ పెట్టినట్టే మోగుతోంది. ఆయన కళ్ళు తెరిచి, "మంచు ఆగిందా?" అన్నాడు. "ఆగింది" అంది ఆర్డిస్. "అయితే బాగుంది" అని టీవీ కట్టేసి, కిటికీ అవతల ఎండ పడి మెరుస్తున్న పొలం వైపు చూశాడు. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో అదే చివరి మాట. అది ఫోన్లో చెప్పుకునే మాట కాదనిపించి ఆర్డిస్ తనకోసం దాచుకుంది. మొగుడి ఆఖరి మాట భార్య సొంత ఆస్తి అనుకునే అమాయకులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు.

మర్నాడు పొద్దున కాఫీల వేళకి ఊరు ఈ టీవీ వ్యవహారాన్ని కూలంకషంగా పరిశీలించింది. ధాన్యపు గోదాము మాజీ మేనేజరు డుయేన్ స్కోగ్మో 'జరిగింది' పక్షానికి పెద్ద. ఆయన చెప్పిందేమంటే, హార్లన్ తీర్పు విన్నాడు, న్యాయం జరిగింది, ఇక చూడాల్సిందేమీ లేదని తృప్తిగా టీవీ కట్టేసి కన్నుమూశాడు. స్కూలు బస్సు నడిపి మానేసిన లీరాయ్ ఫ్లాటెన్ 'జరగలేదు' పక్షానికి పెద్ద. ఆయన లెక్క ప్రకారం, హార్లన్ తీర్పు విన్నాడు, ఈ ఘోరం ఇంక చూడలేనని టీవీ కట్టేశాడు, గుండె పగిలి పోయాడు. డుయేన్ చెల్లెల్ని లీరాయ్ చేసుకున్నాడు. బావలిద్దరూ యాభై ఏళ్ళుగా ఒకే బల్ల దగ్గర కాఫీ తాగేవాళ్ళు. ఆ రోజు నుంచి రెండు బల్లలు.

మా ఊరి కొట్లాటలు తెలియనివాళ్ళు తలలు పగిలాయేమో అనుకుంటారు. అలాంటి అనాగరికత మాలో లేదు. మాకు కోపం వస్తే "ఊఁ, అదో రకంలే" అంటాం. అంతకంటే ఘోరమైన తిట్టు మా దగ్గర లేదు. ఆ వారంలో టోర్డాల్‌లో ఆ మాట ఎన్నిసార్లు వినపడిందంటే, పెద్దవాళ్ళు పిల్లల చెవులు మూశారు.

సరస్సు మీద పరిస్థితి ఇంకా విషమించింది. చలికాలంలో సరస్సు గడ్డకట్టగానే హార్లన్, డుయేన్, లీరాయ్, ఇంకో నలుగురు స్నేహితులు కలిసి ఒక చెక్క గుడిసెని దాని మీదికి లాక్కెళ్ళి, మంచుగడ్డకి ఏడు కన్నాలు తొలిచి, మార్చి వరకూ చేపలు పడుతూ కూర్చునేవారు. మాట్లాడుకునేవారు కాదు. అందుకే ఆ స్నేహం అంతకాలం నిలిచింది. తీర్పు వచ్చిన మూడో రోజున మిగిలిన ఆరుగురూ గుడిసె మధ్యలో ప్లైవుడ్ అడ్డుగోడ కొట్టారు. ఆ గోడ సరిగ్గా హార్లన్ కన్నం మీదుగా వచ్చింది. తలుపు 'జరిగింది' పక్షానికి, పొయ్యి 'జరగలేదు' పక్షానికి దక్కాయి. పొయ్యి ఉన్నవాళ్ళు కిటికీలోంచి దూరి లోపలికి వెళ్ళేవాళ్ళు. తలుపు ఉన్నవాళ్ళు మర్యాదగా నడిచి వెళ్ళి చలికి బిగుసుకుపోయేవాళ్ళు. సిద్ధాంతం కోసం త్యాగం చెయ్యడమంటే ఇదీ.

ఆర్డిస్ గుండెల్లో గుబులు ఇక్కడే. హార్లన్ బతికుండగా ఏదీ అడిగి ఎరగడు. ఒకే ఒక్కసారి, రెండేళ్ళ కిందట, ఆసుపత్రి నుంచి వస్తూ కారులో అన్నాడు: "నేను పోతే మన గుడిసెవాళ్ళు ఆరుగురూ మొయ్యాలి. ఇంకేం అక్కర్లేదు." శవపేటికకి పిడులు ఆరు. మనుషులు ఆరుగురు. లెక్క అంత తేలిగ్గా ఉండేది అప్పట్లో. ఇప్పుడు ఆ ఆరుగురూ ఒక చెక్కపెట్టె చుట్టూ నిలబడతారా అన్నది ఆవిడకి నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

ఊరు మాత్రం ఆవిడని ఒంటరిగా వదల్లేదు. రెండు పక్షాలూ పోటీపడి ఓదార్చాయి. మాంసం, బంగాళాదుంప ముద్దలు కలిపి ఓవెన్లో కాల్చిన పళ్ళేలు నాలుగు రోజుల్లో ఇరవై ఏడు వచ్చాయి. ఎవరి పళ్ళెం ఎవరిదో తెలియడానికి అడుగున టేపు అంటించి పేరు రాయడం మా ఆచారం. ఈసారి పేరు కింద అభిప్రాయం కూడా రాశారు. 'గ్లాడిస్. న్యాయం జరిగింది. మూడువందల యాభై డిగ్రీల దగ్గర అరగంట.' ఆర్డిస్ తినగలిగింది రెండు గరిటెలే గానీ, మొదట ఎవరి పళ్ళెం కడిగి తిరిగి ఇస్తుందా అని రెండు పక్షాలూ కర్టెన్ల సందులోంచి కనిపెట్టుకుని ఉన్నాయి. ఆవిడ ఇరవై ఏడూ వంటింట్లో పేర్చి, వాటి పక్కనే ఒక మూల కూర్చుని కాఫీ తాగింది.

ఇంటి ముందు మంచు ఎత్తిపోయడం దగ్గరా ఇదే పోటీ. తెల్లారగానే డుయేన్ యంత్రంతో వచ్చి ఊడ్చేవాడు. పది గంటలకి లీరాయ్ పారతో వచ్చి, అక్కడ మంచు లేకపోయినా మళ్ళీ ఊడ్చేవాడు. నాలుగో రోజుకి దారిలో పోయించిన కంకర కూడా పోయింది.

ఇద్దరూ ఆవిడతో విడివిడిగా మాట్లాడారు.

"చూడమ్మా ఆర్డిస్, నేనేం ఒత్తిడి చెయ్యను," అన్నాడు డుయేన్, టోపీ చేతుల్లో తిప్పుతూ. "కాకపోతే, కట్టేసినప్పుడు వాడి మొహంలో ఒక రకమైన తృప్తి కనపడి ఉంటుంది కదా?"

"మా అందరికన్నా నీకే బాగా తెలుసులే," అన్నాడు లీరాయ్, అదే గుమ్మంలో గంట తర్వాత. "కాకపోతే బొత్తాం కాస్త గట్టిగానే నొక్కి ఉంటాడు. కోపం ఉన్నవాడు గట్టిగానే నొక్కుతాడు."

"కాఫీ తాగుతావా?" అంది ఆర్డిస్ ఇద్దరితోనూ. ఇద్దరూ మర్యాద ప్రకారం రెండుసార్లు వద్దని, మూడోసారి తాగారు.

లవాన్ ఉపాయం చెప్పింది. "ఇద్దరికీ విడివిడిగా 'అవును' అనెయ్యవే. మా ఆయనతో నలభై ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చాను."

"మంచు గురించి అడిగాడే లవాన్. అంతే. మంచు ఆగిందా అన్నాడు."

లవాన్ లేచి తలుపు వేసి వచ్చింది. తర్వాత, "ఆ మాట బయట అనకు" అంది.

ఇంతలో వారపత్రికలో మరణవార్త వెయ్యాల్సిన రోజు వచ్చింది. 'న్యాయం జరగడం కళ్ళారా చూసి' అని వెయ్యాలని ఒక పక్షం, 'అన్యాయాన్ని చూసి తట్టుకోలేక' అని వెయ్యాలని ఇంకో పక్షం పట్టుబట్టాయి. పాస్టరు హోల్గర్ గారు శాంతికాముకులు. అంటే, ఏ నిర్ణయమైనా కమిటీకి పంపేస్తారు. చర్చి పెద్దల సంఘంలో పదిహేను మంది. తొమ్మిది మంది 'తట్టుకోలేక' అన్నారు, ఆరుగురు 'కళ్ళారా' అన్నారు. సంఘం నియమావళి ప్రకారం మూడింట రెండు వంతులు, అంటే పదిమంది కావాలి. తీర్మానం వీగిపోయింది. వీగిపోయింది కాబట్టి హార్లన్ తమవాడేనని తేలిందన్నారు ఆరుగురు. తొమ్మిది ఎక్కువా ఆరు ఎక్కువా, మీరే చెప్పండి అన్నారు తొమ్మిదిమంది. దానిమీద అప్పీలు వెయ్యడానికి ఇంకో సంఘం ఏర్పాటైంది. పత్రికవాళ్ళు చివరికి ఆ చోట ఖాళీ గీత గీసి అచ్చువేశారు. ప్రజలు ఇళ్ళల్లో పెన్నుతో పూరించుకున్నారు. ఆ పత్రిక చరిత్రలో పాఠకులు ఇంత శ్రద్ధగా చదివిన సంచిక ఇంకొకటి లేదు.

శవసంస్కారం ఆ పై వారం మంగళవారం పదకొండు గంటలకి. ఎవరూ రాకుండా ఉండలేదు. 'జరిగింది' వాళ్ళు నడవాకి ఒక పక్క, 'జరగలేదు' వాళ్ళు ఇంకో పక్క కూర్చున్నారు. ఆర్డిస్ ముందు వరసలో నడవా మధ్యలో ఒక మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. పాస్టరు గారు ఎవరి మనసూ నొప్పించకుండా తీర్పు, న్యాయం, దోషం, క్షమ, సత్యం అన్న మాటలు లేకుండా ప్రసంగం రాసుకొచ్చారు. క్రైస్తవ ప్రసంగం లోంచి అవి తీసేస్తే నాలుగు నిమిషాలకి సరిపడా మిగులుతుంది. ఆ నాలుగు నిమిషాల్లోనూ చేపల ప్రస్తావన ఎక్కువగా ఉంది.

ఆరుగురూ లేచి వచ్చారు. ఆర్డిస్ ఊపిరి పీల్చుకుంది. పేటికని చక్రాల బల్ల మీద చర్చి గుమ్మం దాకా తోసుకొచ్చారు. అక్కడినుంచి పదకొండు మెట్లు, మెట్ల నిండా గడ్డకట్టిన మంచు, కింద బండి. ఇక చేతుల మీద మోయాల్సిందే. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు పిడులు పట్టుకున్నారు. అప్పుడు డుయేన్ గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయులైన ఊరివారికి, దుఃఖంలో ఉన్న కుటుంబానికి..." అని మొదలుపెట్టాడు. "ఈ మహనీయుడు ఒక విలువ కోసం జీవించాడు. ఒక విలువ కోసం టీవీ కట్టేశాడు. ఆ విలువ ఏదో తేలకుండా ఆయన్ని పంపించడం ఆయన్ని అవమానించడమే అవుతుంది."

"ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు అభ్యంతరం లేదు," అన్నాడు లీరాయ్. "ఎవరి మనిషైతే వాళ్ళు ముందు పిడులు పట్టుకుని నడవాలి. చెప్పు ఆర్డిస్. ఎత్తేముందు ఒక్క మాట చెప్పెయ్."

వెనక ఆరువందల మంది కోట్లు తొడుక్కుని నిలబడి ఉన్నారు. తలుపులోంచి చలి కొడుతోంది. ఆర్డిస్ పేటిక వైపు చూసింది. నిజం చెబితే పేచీయే ఉండదనిపించింది ఆవిడకి. ఎవరి మనిషీ కాదని తేలితే ఆరుగురి మనిషీ అవుతాడు కదా. అరవై తొమ్మిదేళ్ళు వచ్చినా కొందరికి మనుషుల మీద ఇలాంటి నమ్మకం పోదు.

"ఆయన ఆ తీర్పు వినలేదయ్యా," అంది. "నిద్రలో ఉన్నాడు. లేచి, మంచు ఆగిందా అని అడిగాడు. ఆగిందన్నాను. అయితే బాగుంది అన్నాడు. కిటికీలోంచి చూడాలని టీవీ కట్టేశాడు. అంతే. మీ ఆరుగురూ మొయ్యాలని మాత్రం చెప్పాడు. ఎత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"మంచా?" అన్నాడు డుయేన్.

"మంచే."

"ఊఁ, అదో రకంలే," అన్నాడు లీరాయ్, ఆవిడ మొహం మీదే. గుంపులో ఎవరో అదిరిపడి చేతి గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

డుయేన్ పేటిక మీదుగా లీరాయ్‌ని చూశాడు. "విన్నావా బావా?" అన్నాడు. పన్నెండు రోజుల్లో బావని పలకరించడం అదే మొదటిసారి.

"విన్నాను బావా. రాజ్యాంగం అల్లాడిపోతుంటే మనవాడు మంచు గురించి అడిగాడంట."

"మనవాడికి అభిప్రాయమే లేదంట!"

"ఎదటి పక్షమంటే అర్థం చేసుకుంటాను. నీలాంటి వాణ్ణి అర్థం చేసుకోగలను. కానీ ఏ పక్షమూ లేదంటే, అది మనిషికి చెయ్యకూడని అవమానం."

"కట్టుకున్నదే ఇలా అంటే ఇంక చెప్పేదేముంది బావా."

అక్కడికక్కడే ఓటింగు జరిగింది. చేతులు పైకి ఎత్తాలంటే పిడులు వదలాలి కాబట్టి ఆరుగురూ పిడులు వదిలారు. ఆర్డిస్ ఆ మాట వెనక్కి తీసుకునే దాకా పేటిక ఎత్తేది లేదన్న తీర్మానం ఆరు-సున్నా ఓట్లతో నెగ్గింది. రాజధానిలో నెలల తరబడి ప్రయత్నించినా కుదరని మూడింట రెండు వంతులు మా చర్చి గుమ్మంలో అర నిమిషంలో కుదిరాయి. కళ్ళు చెమర్చే దృశ్యం అది. ఆరుగురూ జారిపోకుండా ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, పదకొండు మెట్లూ దిగి వెళ్ళారు. మెట్లు ఎంత జారుడుగా ఉన్నా డుయేన్ లీరాయ్‌ని పడనివ్వలేదు.

ఆర్డిస్ పేటిక పక్కన ఒంటరిగా నిలబడింది. హార్లన్ కోరిన ఒకే ఒక్క కోరిక మెట్లు దిగి వెళ్ళిపోతుంటే చూసింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "వెనక్కి తీసుకుంటే సరిపోతుందమ్మా, ఒక్క మాటే కదా," అన్నారు పాస్టరు గారు మెల్లగా. "అది ఆయన మాట, పాస్టరు గారూ," అంది ఆర్డిస్. "నాది కాదు, నేనెలా తీసుకుంటాను?"

నేలమాళిగ నుంచి ఎవరో కబురు మోశారు కాబోలు, వంటింటి ఆడవాళ్ళు అయిదుగురు పైకి వచ్చారు. లవాన్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ముందు నడిచింది. ఆ ఆడవాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా రెండువందల కప్పుల కాఫీ పట్టే పాత్రలు నిండుగా ఎత్తి పొయ్యి మీద పెట్టి దించినవాళ్ళు. "కాస్త జరగండయ్యా," అంది లవాన్ మగవాళ్ళతో. "ఆర్డిస్, నువ్వు ముందు పట్టుకో. మెట్టు చూసుకో." అయిదుగురూ ఆర్డిసూ కలిసి హార్లన్‌ని ఎత్తారు. ఒక్కొక్క మెట్టు లెక్కపెడుతూ దించారు. ఎవరి కాలూ జారలేదు. పేటికని బండిలోకి తోసి తలుపు వేశాక లవాన్ "హామ్ మాంసం కోసే టైమైంది" అని లోపలికి పరిగెత్తింది.

భోజనానికి మాత్రం అందరూ వచ్చారు. మా ఊళ్ళో ఎంత విభేదం ఉన్నా హామ్ శాండ్విచ్‌లు వదులుకునేంత మూర్ఖులు లేరు. ఆరుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. గుడిసెలో అడ్డుగోడ ఆ సాయంత్రమే పీకేశారు. వారపత్రిక 'టోర్డాల్‌లో వెల్లివిరిసిన ఐక్యత' అని సంపాదకీయం రాసింది. పెద్దల సంఘం అత్యవసరంగా సమావేశమై, హార్లన్ టోలెఫ్సన్‌కి గట్టి అభిప్రాయం ఉండేదని, అది ఏమిటన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవచ్చని ఏకగ్రీవంగా తీర్మానించింది. శవసంస్కార భోజనాల బాధ్యత నుంచి ఆర్డిస్‌కి విశ్రాంతి ఇస్తూ ఇంకో తీర్మానం చేశారు. ఆవిడ ఆరోగ్యం దృష్ట్యా అని రాశారు.

ఇదంతా చదివి మీరు బాధపడే ఉంటారు. ఆ ఆరుగురినీ నాలుగు తిట్టి, ఆర్డిస్ మీద జాలిపడి ఉంటారు. మీరు ఆ ఆరుగురిలాంటివారు కారని మాకు తెలుసు. కాకపోతే రెండో పేరా దగ్గర్నుంచీ మీరు చేస్తున్న పని కూడా మాకు కనపడుతూనే ఉంది. ఈ రాసినవాడు యాభై ఎనిమిది మంది వైపా, నలభై రెండు మంది వైపా అని మాట మాటకీ వెతుకుతూనే వచ్చారు. అది తేలితే గానీ ఈ కథ బాగుందో లేదో చెప్పలేరు మరి.